కుదురు లేదన్న మాట

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఆరుగురు ఉన్నారు. వసారాలో కుర్చీలో నాయన దేవరాజులు. చంద్రగిరిలో ఎరువులు, పురుగుమందుల అంగడి ఆయనది. పండగనాడైనా తాళం తీయకుండా ఉండలేని మనిషి, ఆ రోజు తీయలేదు. వంటింట్లో అమ్మ పంకజాక్షి. పొయ్యికి ఎదురుగా పీట మీద నాయన తల్లి చంద్రకాంతమ్మ అవ్వ. రేణిగుంట నుంచి పొద్దున్నే కారు తీసుకుని వచ్చిన మేనమామ మోహన్‌కృష్ణ. నడిమింట్లో బీరువాకు ఆనుకుని, ఒళ్ళో డైరీ పెట్టుకుని కూర్చున్న పదహారేళ్ళ లోహిత. ఆరో మనిషి లోహిత చెల్లెలు మునిప్రియ, పదమూడేళ్ళది. ఆమె ఎక్కడ ఉందంటే మాత్రం చెప్పడం కష్టం. వసారా నుంచి వంటింటికి, వంటింటి నుంచి పెరటి గడపకు, అక్కణ్ణుంచి మళ్ళీ వసారాకు తిరుగుతూనే ఉంది. గడప దగ్గర ఆగినా కాళ్ళు ఆగవు, ఉన్నచోటనే ఒకదాని తర్వాత ఒకటి లేస్తూ ఉంటాయి.

పదకొండు గంటలకు కారు బయలుదేరాలి. తిరుపతిలో కొత్త డాక్టరును చూడాలి. మామ పనిచేసే కంపెనీలో ఎవరో చెప్పగా దొరికిన డాక్టరు. అవసరమైతే నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని సూది మందు మొదలుపెడతారని మామ ఫోనులో చెప్పినప్పటి నుంచీ అమ్మ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. సంచిలో రెండు జతల బట్టలు, దుప్పటి, దువ్వెన సర్దేసింది.

ఆ కారు కదిలేలోపల లోహిత ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే చెల్లెలికి ఐదో మందు పడుతుంది. అది ఆమెకు తెలుసు. తెలిసిన సంగతి నోట్లోంచి బయటికి రావడమే కష్టం. లోహిత నోట్లో నాలుక లేని పిల్ల. బళ్ళో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికింది సారుకు వినిపించక, పక్క బల్ల పిల్ల 'వచ్చింది సార్' అని అరిచేది. ఆమె మాట్లాడేదంతా డైరీతోనే. పురుగుమందుల కంపెనీవాళ్ళు ప్రతి జనవరిలో నాయనకు ఇచ్చే డైరీల్లో ఒకటి ఆమెకు వస్తుంది. ప్రతి పుట అడుగున ఒక పురుగు బొమ్మ, దాన్ని చంపే మందు పేరు ఉంటాయి. ఆ బొమ్మల పైన లోహిత రాసుకునేది ఎక్కువగా మునిప్రియ గురించే.

నిరుడు జూన్ దాకా మునిప్రియ కూడా ఊరి బళ్ళోనే చదివింది. పెరటి గోడ ఎక్కి కూర్చుని, కాళ్ళు ఊపుతూ, లెక్కలన్నీ నోటితోనే చేసేసేది. ఇంత తెలివైన పిల్లను పల్లెలో ఉంచకూడదని అందరూ అంటే నాయన తిరుపతిలో హాస్టలున్న బళ్ళో వేశాడు. అక్కడ తెల్లవారుజామున ఐదున్నరకు మొదలైన చదువు రాత్రి తొమ్మిదికి ఆగుతుంది. రెండు నెలలకే పిలుపు వచ్చింది. పిల్ల తరగతిలో లేచి కిటికీ దగ్గరికి పోతోందని, పక్కవాళ్ళతో మాట్లాడుతోందని, ఎవరికైనా చూపించమని. "మీ అమ్మాయికి కుదురు లేదండీ" అన్నాడు అక్కడి పెద్దాయన. ఆ ఒక్క మాటా అమ్మ మూట కట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఆ ఆదివారం ఇంటికి వచ్చిన మునిప్రియ నవ్వింది. "అవ్వా, ఆ పాలకుండ కింద కుదురు తీసి నా కింద పెట్టు. రేపట్నించి కదలను" అని అవ్వను పట్టుకుని ఊపేసింది. కుండ దొర్లిపోతుందని అవ్వ కేకలు పెట్టింది.

మొదట తిరుపతిలో ఒక డాక్టరు పొద్దున వేసుకునే మాత్ర రాశాడు. అది బాగానే పనిచేసింది. మార్కులు వచ్చాయి, బడి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. అయితే అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. నిద్ర కోసం చిత్తూరులో ఇంకో డాక్టరును చూశారు. ఆయన రాత్రి మాత్ర ఇచ్చాడు. పొద్దున మాత్ర సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ తర్వాత మునిప్రియ తరగతిలో తల వాల్చేసేది. లేపితే ఏడ్చేది. ఒక రోజు హాస్టల్లో కంచం విసిరేసింది. అంతే, ఇంటికి పంపేశారు. సంక్రాంతి దాటాక వేలూరు పక్కన ఒక డాక్టరు పూటకు అర మాత్ర చొప్పున మూడోది మొదలుపెట్టాడు. దాని తర్వాత చేతులు వణుకుతున్నాయని రేణిగుంట రోడ్డులో ఇంకొకరు నాలుగోది రాశారు. ఒక్కో డాక్టరుకు ఒక్కో ప్లాస్టిక్ సంచి. నాలుగు సంచులూ బీరువాలో విడివిడిగా మేకుకు వేలాడుతున్నాయి.

అమ్మ వచ్చి బీరువా తీసింది. లోహిత లేచి నిలబడింది.

"అమ్మా, నాలుగు సంచులూ ఎత్తుకుందామా?"

"ఏంటికిమే? కొత్తాయన మళ్ళీ రక్త పరీక్షలు రాస్తాడు గదా. పాతవి మోసుకోని పొయ్యేది దేనికి?"

"ఏమేం మాత్రలు ఏసుకుంటా ఉండాదో ఆయనకు తెలియాల గదమ్మా."

వసారా నుంచి నాయన విన్నాడు. "ఒగ డాక్టరు రాసిన చీటీ ఇంకొగ డాక్టరు ముందర పెడతారామ్మా? ఆయప్ప ఏమనుకుంటాడు? 'ఆడికి పొయ్యి కుదరక నా తావకు వచ్చినారా' అనుకోడా? మర్యాద కాదు. ఉండనీ ఆడనే."

నాయన మంచివాడు. ఎదుటి మనిషిని చిన్నబుచ్చకూడదన్నది ఆయన పట్టుదల. పెళ్ళికి ఇద్దరు వంటవాళ్ళను మాట్లాడితే ఒకరి సంగతి ఇంకొకరికి తెలియనివ్వడు. డాక్టర్ల దగ్గర కూడా ఆయన అదే మర్యాద పాటించాడు. మొదటి ఆసుపత్రి తర్వాత మూడింటిలోనూ 'ఇంతకుముందు ఏమైనా వాడారా' అని అడిగితే, 'ఏదో నాటు మందు సార్, అంతే' అని చెప్పి వచ్చాడు.

"సార్‌కు ఏం చెప్పాలక్కా, ఒగసారి అనుకో" అన్నాడు మామ అమ్మతో. "ఆడికి పోయినాక నువ్వు ఏడస్తా కూర్చుంటావు, టైమ్ అయిపోతాది."

"ఏముందబ్బా చెప్పేదానికి? కుదురు లేదని చెప్తా. నాలుగు నెలలుగా ఒగ గడియ కూర్చోలేదు. అన్నం కాడ కూడా లేస్తాది. సూడు, ఇప్పుడు కూడా సూడు."

మునిప్రియ వసారా దాటి వంటింట్లోకి పోయింది. ఒళ్ళు వచ్చి పాత పరికిణీ నడుము దగ్గర బిగిసిపోయి ఉంది. మూతి పక్కన ఎండిన చొంగ గీత. తన గురించే మాట్లాడుతున్నారని ఆమె తలైనా తిప్పలేదు.

లోహిత ఆమె వెనకే పెరట్లోకి పోయింది. మునిప్రియ బావిగట్టు చుట్టూ నడుస్తోంది. లోహిత కూడా పక్కనే నడవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళుగా అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకునేది ఇట్లా నడుస్తూనే.

"మునీ, ఈ పొద్దు నువ్వే చెప్పు డాక్టరుకు. నాతో చెప్పినావు చూడు, అట్లనే చెప్పు."

"నాలుక మందంగా ఉండాది అక్కా. చెప్పేలోపల మర్సిపోతా. అమ్మ చెప్పేస్తాది."

"అమ్మ కుదురు లేదని చెప్తాది."

"అదే గదా అందరూ చెప్పేది."

"అయితే నేను చెప్పనా? డైరీలో రాసిపెట్టినా."

మునిప్రియ నడక ఒక్క అంగ తడబడింది. "అంతా రాసినావా? అది కూడా రాసినావా?"

లోహిత తల ఊపింది.

"అక్కా, అది మాత్రం చెప్పొద్దు. మామ ఉండాడు. చెప్తే నేను సచ్చిపోయినంత పని. ఒట్టు పెట్టు."

లోహిత ఆమె చేతిలో చెయ్యి వేసింది. ఆ చెయ్యి సన్నగా వణుకుతూనే ఉంది.

మళ్ళీ లోపలికి వచ్చేసరికి అమ్మ చెప్పులు వేసుకుంటోంది. మామ కారు తాళం వేలికి తిప్పుతున్నాడు. లోహిత నడిమింట్లో నిలబడి డైరీ తెరిచింది. 

"మామా," అంది.

ఎవరూ వినలేదు.

"మామా! కుదురు లేదని చెప్పొద్దు."

ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా వినపడడం అదే మొదటిసారి. అవ్వ పీట మీద నుంచి తల తిప్పి, "ఎవురే అరిసింది?" అంది.

"ఏమ్మా?" అన్నాడు మామ.

"అప్పుడు కుదురు లేనిది వేరే. ఇప్పుడు కుదురు లేనిది వేరే. అమ్మ రెండిటికీ ఒగటే మాట చెప్తా ఉండాది." ఊపిరి తీసుకోకుండా అనేసి, ఇక కళ్ళెత్తకుండా చదవడం మొదలుపెట్టింది. "జనవరి ఇరవై. అర మాత్ర మొదలు. జనవరి ముప్పై ఒకటి. సాయంత్రం మునీ టీవీ ముందర కూర్చోలేకపోయింది. 'అక్కా, నాకు కూర్చోవాలనే ఉండాది, కాళ్ళు ఇనడంలేదు, మోకాళ్ళ లోపల చీమలు పారతా ఉండాయి' అనింది. ఫిబ్రవరి పన్నెండు. అమ్మ డాక్టరుతో కుదురు లేదని చెప్పింది. అర మాత్ర ఒకటి అయింది. ఫిబ్రవరి పద్నాలుగు. అన్నం తింటూ ఏడుసార్లు లేచింది. 'కాళ్ళు కోసి పారేస్తే బాగుండు' అనింది. ఫిబ్రవరి పదిహేడు. నీళ్ళ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికి..."

"ఆగు, ఆగు" అన్నాడు మామ. ఆయన శ్రీ సిటీలో ఒక కంపెనీలో తనిఖీ విభాగంలో ఉన్నాడు. రోజంతా కాగితాల మీద తేదీలు చూసే కళ్ళు ఆయనవి. ముఖం మారిపోయింది. "అక్కా, ఇన్నావా? ఈ మాత్ర పెట్టినాక గదా కాళ్ళు మొదలైంది. దాన్ని పొయ్యి కుదురు లేదని చెప్తే వాళ్ళు అదే మాత్ర పెంచినారు. పెంచినాక ఇంకా ఎక్కువైంది."

అమ్మ ఒక కాలి చెప్పుతో అట్లాగే నిలబడిపోయింది. "కాళ్ళు పీకతా ఉండాయని నాతో చెప్పలేదే..."

"చెప్పిందమ్మా. నువ్వు జండూబామ్ పూసినావు."

"లోహితా," అన్నాడు మామ, "పద్నాలుగు అయినాక పదిహేడు చదివినావు. మధ్యలో రెండు పుటలు ఒగటిగా తిప్పేసినావు. ఏముండాది ఆడ?"

"ఏం లేదు మామా."

"రాసి ఉండాది, నాకు కనపడతా ఉండాదే. చూడు తల్లీ, ఒగ తేదీ దాచిపెడితే మిగతావి చూపించినా ఒగటే, చూపించకపోయినా ఒగటే. మాత్ర పెంచినాక మూడో దినమో నాలుగో దినమో అది. డాక్టరు అడిగేది ఆ దినం సంగతే."

లోహిత గడప వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఇందాకటి నుంచి వినపడుతున్న అరికాళ్ళ చప్పుడు కూడా లేదని ఆ కంగారులో ఆమె గమనించలేదు.

"ఫిబ్రవరి పదహారు" అంది. గొంతు మళ్ళీ పాతదై, ఎవరికీ వినపడనంతగా తగ్గిపోయింది. మామ ముందుకు వంగాడు. "మునీ నిద్రలో పక్క తడిపేసుకుంది. దానికి తెలియనే లేదు. నేను లేపితే కూడా లేవలేదు. పక్కబట్టలు బావి కాడ ఉతికి, చెంబు దొర్లిందని అమ్మకు చెప్పినా." పుట తిప్పి, "ఆ తర్వాత ఆరుసార్లు" అంది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ పక్కన కూలబడింది. ఈ కూతురి కోసం అమ్మ మోకాళ్ళతో కొండమెట్లు ఎక్కింది, నెలలుగా శనివారం ఒక్కపొద్దు ఉంది. ఆ చెంబు మాట నమ్మింది కూడా ఆమే.

అవ్వ పీట మీద నుంచి లేచింది. "ఆ గోలీలన్నీ ఎత్తి కాలవలో పారేయండిరా! బంగారట్లా ఉండే బిడ్డను బొమ్మను చేసినారు."

"ఉన్నట్టుండి మానకూడదత్తా, ఇంకా చెడతాది" అన్నాడు మామ. "ఏది ఆపాలో, ఏది ఎంత తగ్గించాలో ఆయనే చెప్పాల. మన పని అన్నీ ముందర పెట్టడం. బావా, ఆ సంచులు నాలుగూ తీ."

నాయన కదల్లేదు. "అన్నీ పెట్టేదంటే... ఇంతకాలం చెప్పలేదని ఆయన తిట్టడా? నా ముఖం యాడ పెట్టుకునేది?"

అప్పుడు లోహిత నాయన ముందుకు పోయి నిలబడింది. ఆయనతో ఎదురుపడి మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

"నాయనా, గురప్ప మామ టమోటాకు మందు కావాలని వస్తే నువ్వేం చేసినావు?"

"ఏం చేసినా?"

"'ముందు ఏం కొట్టినావప్పా? యాడ తెచ్చినావు? డబ్బా ఎత్తుకోని రా, చూడందే ఇయ్యను' అన్నావు. ఆయప్ప వేరే అంగట్లో కొన్నానని చెప్పేదానికి సిగ్గుపడితే, 'నా ముందర సిగ్గుపడితే నీ తోట ఎండిపోతాది' అని అరిచినావు. అంగట్లో అందరి ముందర."

దేవరాజులు కూతురి ముఖం చూశాడు. అంగట్లో ఆయన రోజుకు ఇరవైసార్లు అనే మాట అది. రెండు మందులు కలిపి కొట్టి ఆకు మాడ్చుకున్న రైతును ఆయన కోప్పడినంతగా ఎవరూ కోప్పడరు. మందుకు మాడిన ఆకును చూసి, తెగులనుకుని ఇంకో మందు కొట్టినవాళ్ళను కూడా ఆయన చాలామందిని చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, లేచి, బీరువా దగ్గరికి నడిచాడు. నాలుగు సంచులూ మేకు నుంచి తీసి, చీటీలన్నీ మంచం మీద పరిచి, తేదీ ప్రకారం ఒకదాని కింద ఒకటి పెట్టడం మొదలుపెట్టాడు. చేతులు తొందరపడ్డాయి. ఒక చీటీ కింద పడితే మామ తీసి ఇచ్చాడు.

"అంతా నేనే చెప్తా ఆయనకు" అన్నాడు నాయన. "తిడితే పడతా."

"ఆ డైరీ కూడా కావాల" అన్నాడు మామ. "లోహితా, ఆ పుటలు చింపి ఇయ్యి చాలు."

లోహిత పుటలు ఏరుతోంది. అవి కాక డైరీలో ఆమెవి చాలా ఉన్నాయి. పక్క బల్ల పిల్లతో మాట్లాడబోయి మానేసిన మాటలు, తన గొంతు మీద తనకున్న అసహ్యం, ఒక పేరు ఒక్కచోట రాసి కొట్టేసి మళ్ళీ రాసినది. మొదటి పుట చింపబోతుండగా గడప దగ్గర నుంచి మాట వినిపించింది.

"చింపొద్దు."

మునిప్రియ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. ఎంతసేపటి నుంచి అక్కడుందో. మేనమామ ముందు తల కొట్టేసినట్టయి, రెండు చేతులతో పాత పరికిణీ మడతలు పట్టుకుంది. కళ్ళు మాత్రం అక్క మీదే ఉన్నాయి.

"మొత్తం పోనీ" అంది. నాలుక తడబడుతుంటే ఒక్కో మాటా కూడదీసుకుంది. "నా మాటలన్నీ పోతా ఉండాయి గదా. నీ మాటలు కూడా పోనీ."

"మునీ, డాక్టరుకు దానివి ఏంటికే..." అంది అమ్మ.

"పోనీ అంటా ఉండా గదా!"

 లోహిత డైరీ మూసి మామ చేతికి ఇచ్చింది. మామ దాన్ని చీటీల పైన పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, నాయన చేతికి ఇచ్చాడు. పురుగుమందు కంపెనీ పేరు మెరుస్తున్న ఆ అట్టను నాయన చంకలో పెట్టుకున్నాడు.

పదకొండున్నర అయింది. కారు వాకిట్లో నిలబడి ఉంది. అవ్వ శకునానికి ఎదురు రాబోయి, తాను రాకూడదులే అనుకుని పక్కకు జరిగింది. నాయన ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక అమ్మ ఒక పక్క, మునిప్రియ ఇంకో పక్క. మునిప్రియ కాళ్ళు కారు అడుగును తన్నుకుంటూనే ఉన్నాయి. మామ కారు స్టార్ట్ చేశాడు.

"లోహితా, నువ్వు కూడా రా" అన్నాడు. "నీ రాత ఆయనకు అర్థం కాకపోతే ఎవరు చెప్పేది? ఎక్కు."

లోహిత చెప్పులు వేసుకుని పరుగున వచ్చింది. డాక్టరు ముందు ఏం చెప్పాలో అప్పటికే మనసులో వరస పెట్టుకుంది. ఈసారి వినపడేలా చెప్పగలనని కూడా ఆమెకు అనిపించింది. తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగింది.

"రోంత జరుగు మునీ."

మునిప్రియ జరగలేదు. అక్క వైపు చూడలేదు.

"అంతా రాసి ఉండాది గదా" అంది ముందు సీటు వెనక భాగంతో మాట్లాడుతున్నట్టు. "అర్థం కాకపోతే నేను చెప్తా. కాళ్ళు నావి."

"నేను నీ కోసమే గదనే..."

వణుకుతున్న చెయ్యి బయటికి వచ్చి హ్యాండిల్‌ను వెతుక్కుంది. మొదటిసారి జారింది. రెండోసారి దొరకబుచ్చుకుని, మునిప్రియ ఉన్న బలమంతా పెట్టి లోహిత ముఖం మీద తలుపు లాగేసుకుంది.